పుచ్చకాయ, గోళీ సోడా, జలాంతర్గామి: గోళం గురించి కొన్ని అపోహలు

వైజాగ్ ఎంవీపీ కాలనీ రైతుబజార్ బయట పుచ్చకాయల బండి. చిన్నది అరవై, పెద్దది తొంభై. నా ముందున్నాయన "ఏటమ్మా, ఇంత తేడాకే ముప్ఫై ఎక్కువా?" అని గొణిగి చిన్నదే తీసుకుపోయాడు. ఇంటర్ పిల్లలకి ఇరవై రెండేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్న చెయ్యి ఊరుకోదు కదా, చిన్నదొకటి పెద్దదొకటి కొని ఇంటికెళ్ళి దారం చుట్టాను. చిన్నది 63 సెంటీమీటర్లు, పెద్దది 78న్నర. అంటే వ్యాసాలు 20, 25.

అపోహ: వ్యాసం పావు వంతు పెరిగితే కాయా పావు వంతే పెరుగుతుంది.

దాదాపు రెట్టింపు అవుతుంది. ఘనపరిమాణం వ్యాసార్థం ఘనాన్ని బట్టి నడుస్తుంది. 1.25ని మూడుసార్లు వేసి గుణిస్తే 1.95. ఇంకా తొక్క సంగతి ఉంది. రెండిటికీ తొక్క ఒకటిన్నర సెంటీమీటరు అనుకుంటే, చిన్నకాయలో నూటికి 39 పాళ్ళు తొక్కే! పెద్దదాంట్లో 32. తినే గుజ్జు లెక్కన పెద్దది 2.17 రెట్లు, ధర మాత్రం ఒకటిన్నర రెట్లు. నా ముందాయన బేరంలో గెలిచి లెక్కలో ఓడిపోయాడు.

అపోహ: వాన చినుకు పైన మొనదేలి కన్నీటిబొట్టులా ఉంటుంది.

మా పిల్లలూ, టీవీలో వాతావరణం బొమ్మలు గీసేవాళ్ళూ అందరూ అలాగే గీస్తారు. కుళాయి నుంచి తెగిపడబోయే బొట్టుకు ఆ మొన ఉంటుంది, అంతే. రెండు మిల్లీమీటర్ల లోపు చినుకు తలతన్యత (నీటి పైపొర బిగువు) వల్ల ఇంచుమించు గోళమే. అంతకన్నా పెద్దదైతే కింది నుంచి గాలి నెట్టడంతో అడుగు చదునై, బేకరీ బన్నులా తయారవుతుంది. మరీ పెద్దదైతే చెదిరిపోతుంది.

క్లాసులో ఇక్కడే ఒక మాట చెబుతాను. గోళానికి దిక్కు లేదు. ఎటు తిప్పినా ఒకటే. కింది నుంచి గాలో, గిరగిరా తిరగడమో వచ్చి ఒక దిక్కుని ప్రత్యేకం చేస్తే గోళం చెడుతుంది.

అపోహ: భూమి నారింజపండులా పైనా కిందా బాగా నొక్కుకుపోయి ఉంటుంది.

తన చుట్టూ తాను తిరగడం వల్ల నడుము కాస్త ఉబ్బిన మాట నిజం. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6357. కానీ 30 సెంటీమీటర్ల గ్లోబు మీద వ్యాసంలో ఆ తేడా ఒక్క మిల్లీమీటరు. కంటికి ఆనదు. పుస్తకాల్లో బొమ్మలే మనల్ని చెడగొట్టాయి. నిజంగా నొక్కినట్టు కనిపించేది శని గ్రహం. పదిన్నర గంటలకో చుట్టు తిరుగుతుంది, నడుముకీ నడినెత్తికీ పదోవంతు తేడా. శుక్రుడు అందుకు పూర్తిగా వ్యతిరేకం, ఒక చుట్టుకి 243 రోజులు పడుతుంది కాబట్టి కొలవదగ్గ ఉబ్బే లేదు. ఆ శుక్రుడు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీద నల్లటి చుక్కలా దాటిపోతుంటే మన ఊరి నుంచే చూసి నమోదు చేశారు అంకితం వెంకట నరసింగరావు. ఆయన చూసింది 1840లో గోడే వెంకట జగ్గారావు ఇక్కడ నెలకొల్పిన వేధశాల నుంచి. ఆ సంగతి చెబితే మా పిల్లలు "వైజాగ్‌లోనా సార్?" అంటారు.

అపోహ: గోళం అంత గట్టిదైతే జలాంతర్గాములన్నీ గుండ్రంగానే ఉండాలి.

ఇది ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి లోపల, గుండ్రటి తలుపులోంచి వంగి దూరుతూ ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. ఒకే వ్యాసం, ఒకే పీడనం, ఒకే మందం అయితే స్తూపం (సిలిండరు ఆకారం) గోడ మీద చుట్టుకొలత దిశలో పడే ప్రతిబలం, అంటే గోడ ఓర్చుకోవాల్సిన బలం, గోళం గోడ మీద పడేదానికి రెట్టింపు. కాబట్టి గోళానికి సగం మందం చాలు. రిఫైనరీల్లో వంటగ్యాస్‌ని కాళ్ళమీద నిలబెట్టిన పెద్ద గుండ్లలో దాచేది అందుకే. మనకి మల్కాపురం వైపు ఉన్నాయవి. చూడ్డానికి బాగుంటాయని కట్టలేదు. పైగా కట్టడమే కష్టం, వంకర రేకులు ఒక్కొక్కటీ ఒత్తి అతకాలి. ఇంట్లో సిలిండర్ని చూడండి, రెండు చివర్లా ఉబ్బెత్తు మూతలు. గోళం కడదామనుకుని మధ్యలో రాజీపడ్డట్టు ఉంటుంది.

జలాంతర్గామికి మాత్రం దిక్కు కావాలి. నీళ్ళు చీల్చుకుని ముందుకు పోవాలి. కురుసుర పొడవు 91 మీటర్లు. పరుగు అక్కర్లేదు, లోతుకు దిగితే చాలు అన్నప్పుడు మళ్ళీ గోళమే గతి. ఆరు వేల మీటర్ల లోతు కోసం మనవాళ్ళు తయారుచేస్తున్న మత్స్య 6000లో ముగ్గురు కూర్చునే గది 2.1 మీటర్ల టైటానియం గోళం, గోడ మందం 80 మిల్లీమీటర్లు. అక్కడ పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 600 రెట్లు.

గోళానికి దిక్కు లేదన్న కిటుకే గోళీ సోడాలో కూడా. గోళాన్ని ఎటు కోసినా కోత వృత్తమే. అందుకే గోళీ ఎలా దొర్లి వచ్చినా మెడలోని రబ్బరు రింగులో సరిగ్గా కూర్చుంటుంది. బిళ్ళ పెడితే అడ్డం తిరుగుతుంది.

అపోహ: గోళం లెక్కలన్నీ మన ఆర్యభటుడే సరిగ్గా చెప్పేశాడు.

వాట్సాప్‌లో నెలకోసారి వస్తుంది. భూమి కదంబ పువ్వులా గుండ్రంగా ఉంటుందని, చుట్టూ ప్రాణులుంటాయని ఆయన చెప్పింది గొప్ప మాటే. ఘనపరిమాణం సూత్రం మాత్రం, ఉన్నది ఉన్నట్టు చదివితే, వృత్త వైశాల్యాన్ని దాని వర్గమూలంతో గుణించమంటుంది. మూడోవంతు ఎక్కువొస్తుంది. సరైన సూత్రం 1150 నాటి లీలావతిలో రెండో భాస్కరుడిచ్చాడు.

నమ్మని పిల్లల కోసం ఆ చిన్నకాయని క్లాసుకి పట్టుకెళ్ళాను. బకెట్ అంచుదాకా నీళ్ళు, కింద టబ్బు. పుచ్చకాయ తేలుతుంది, వేళ్ళ కొసలతో నొక్కి ముంచాలి. ఆర్యభటుడి లెక్కన 5.57 లీటర్లు పొర్లాలి, భాస్కరుడి లెక్కన 4.19. మగ్గుతో కొలిస్తే నాలుగు లీటర్లు దాటి కొంచెం. ఆ పూట కాయ కోసి పంచింది కూడా ఆ కురుసుర పిల్లే.