క్రియ పక్కన ఏ చిన్నమాట?

చిరంజీవులకు,

ఇంగ్లిష్‌లో వాక్యం రాస్తూ ‘ఇక్కడ టు వస్తుందా, ఫర్ వస్తుందా?’ అని ఈ చిన్నమాటల (ప్రిపోజిషన్ల) దగ్గర మీరు తడబడేది ఎక్కువగా క్రియ దాటగానే. అప్పుడు మనసు తెలుగు విభక్తిని అందిస్తుంది: కు అంటే టు, తో అంటే విత్, మీద అంటే ఆన్. ఒక్కోసారి సరిపోతుంది కూడా. ‘మీద ఆధారపడు’కి డిపెండ్ ఆన్, ‘కోసం ఎదురుచూడు’కి వెయిట్ ఫర్. ఇలా రెండుమూడు కుదిరేసరికి అన్నీ ఇంతేననుకుంటారు. చిక్కంతా అక్కడే.

‘సమస్య గురించి చర్చించాం’ అంటాం గనక డిస్కస్ పక్కన అబౌట్ పెట్టేస్తారు. వద్దు. ‘వియ్ డిస్కస్డ్ ద ప్రాబ్లమ్’, అంతే. ఊరికి చేరినా, గదిలోకి వెళ్లినా రీచ్, ఎంటర్ పక్కన ఏమీ రాదు.

తిరగేసి చూడండి. ‘పాట విను’లో విభక్తి పైకి కనిపించదు. లిజన్‌కి మాత్రం టు లేకపోతే కుదరదు, హియర్‌కి అక్కర్లేదు. ‘నాకు చెప్పు’ టెల్ మీ, ‘నాకు వివరించు’ ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ. ఎక్స్‌ప్లెయిన్ మీ అంటే ‘నేనెలాంటివాణ్ణో వివరించు’ అన్నట్టుంటుంది!

పెద్దవాళ్లూ జారిపడే మెలిక ఇంకొకటుంది. రిక్వెస్ట్ క్రియైతే ‘ఐ రిక్వెస్టెడ్ లీవ్’. నామవాచకమైతే ‘ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్’. డిస్కస్ ఒప్పుకోని అబౌట్‌ని డిస్కషన్ హాయిగా ఒప్పుకుంటుంది. అందుకే ముందు ఆ మాట ఏం పని చేస్తోందో చూసుకోండి.

లుక్ సంగతి మీకు తెలిసిందే: ఎట్ పెడితే చూడటం, ఫర్ పెడితే వెతకడం, ఆఫ్టర్ పెడితే బాగోగులు చూసుకోవడం.

నోట్‌బుక్‌లో వెయిట్ అని ఒంటరిగా రాసుకోకండి, ‘వెయిట్ ఫర్ సమ్‌వన్’ అని జతగా రాసుకోండి. డిక్షనరీలో అర్థం దగ్గరే ఆగకుండా ఉదాహరణ వాక్యం దాకా చదవండి. జత గుర్తున్నదో లేదో తేల్చుకోవాలంటే ప్రశ్నగా మార్చండి. ‘వాట్ ఆర్ యూ లిజనింగ్ టు?’లో చివర టు మిగలాలి. ‘వాట్ డిడ్ యూ డిస్కస్?’లో ఏదీ మిగలదు.

ఆ చిన్నమాట తర్వాత మళ్లీ క్రియ వస్తే దానికి ఐఎన్‌జీ చేర్చాలి: ‘లుక్ ఫార్వర్డ్ టు సీయింగ్ యూ’. టు కనబడగానే చెయ్యి అలవాటుగా ‘టు సీ’ అని రాసేస్తుంది. ఇక్కడి టు ‘టు సీ’లోని టు కాదు, ప్రిపోజిషన్.

ఈ ఉత్తరానికి జవాబు రాయండి. రిప్లై అంటే టు కావాలి, ఆన్సర్ అంటే అక్కర్లేదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య