నూతి నీళ్ళ లెక్కతోనే జర్మనీలో ఇల్లు వెచ్చబడుతోంది

పోయిన సంక్రాంతికి మా మేనకోడలు జర్మనీ నుంచి ఫోన్ చేసి "మావయ్యా, మా అపార్ట్‌మెంటుకి వేడి భూమిలోంచే వస్తాదట, కిందేటైనా అగ్నిపర్వతం ఉందా?" అని అడిగింది. నేనప్పుడే బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో నూతి గట్టున స్నానం చేసొచ్చాను, తెల్లారి చలికి వణుకుతుంటే చేదలో నీళ్ళు మాత్రం గోరువెచ్చగా ఉన్నాయి. నీ జవాబు మన నూతిలోనే ఉందమ్మా అన్నాను.

గంగమ్మ తల్లి పాతాళం నుంచి వెచ్చదనం తెస్తుందని మా పెద్దాళ్ళు అనేవారు. "భూమి లోపల వేడిగా ఉంటుంది కాబట్టి" అని బళ్ళో పిల్లలు రాస్తారు, సైన్సులాగే ఉంది గానీ అదీ తప్పే, దాన్ని దిద్దకపోతే నాకు బాధేస్తుంది. కిలోమీటరు లోతుకి వెళ్తే పెరిగేది 25 నుంచి 30 డిగ్రీలు, మరి నాలుగు నిలువుల నూతిలో ఎంత పెరుగుతుంది? పావు డిగ్రీ కూడా లేదు. 120 గజాల స్థలం కింద నుంచి భూమి సొంత వేడి పైకొచ్చేది 6, 7 వాట్లు, ఒక ఎల్‌ఈడీ బల్బుకి సరిపడా అంతే. నూతిలో ఉన్నది ఎండ వేడి.

అదెలాగో చెప్తాను. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజు మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఎప్పుడైనా నిలబడ్డారా? ముందు వరసలో ఎవరో తోస్తే ఆ తోపు వెనక్కి ఒక్కసారే రాదు, ఒక్కో మనిషీ కాస్త ఊగి కాస్త మింగేసి వెనకవాడికి అందిస్తాడు, ఇరవయ్యో వరసకొచ్చేసరికి చిన్న కదలికే మిగుల్తుంది, అప్పటికి ముందువాళ్ళు ఇటు లాగడం మొదలెట్టేస్తారు. మట్టిలో వేడీ ఇంతే. పగలూ రాత్రీ తోపులు గబగబా మారిపోతాయి, మామూలు మట్టిలో 12 సెంటీమీటర్లకే దాదాపు మూడో వంతుకి పడిపోతాయి. ఎండాకాలం చలికాలం తోపు ఏడాదికోసారి, నిదానం, అది అంత తగ్గాలంటే రెండుంపావు మీటర్లు దిగాలి. తోపు ఎన్ని రెట్లు నిదానమైతే, దాని వర్గమూలం అన్ని రెట్ల లోతుకి పోతుంది; రోజు కంటే ఏడాది 365 రెట్లు, దాని వర్గమూలం 19, ఈ రెండు లోతులకీ తేడా సరిగ్గా అన్ని రెట్లే! ఏడు మీటర్లకొచ్చేసరికి 4 శాతమే మిగిలి, ఆర్నెల్లు ఆలస్యమవుతుంది, అంటే మే నెల ఎండ అక్కడికి నవంబరులో చేరుతుంది. తడి మట్టిలో, రాతిలో ఇంకా లోతుకి పోతుంది, పొడి ఇసకలో పైనే ఆగిపోతుంది. ఆ కింద ఏడాదంతా ఎండా చలీ కలిసిన సగటు వేడే, మనకి 27 డిగ్రీల చుట్టుపక్కల, జర్మనీలో 10. అందుకే తెల్లారి చలిలో మన చేద నీళ్ళు గోరువెచ్చగా అనిపిస్తాయి.

10 డిగ్రీలతో ఇల్లు ఎలా వెచ్చబడుతుంది అంటే, ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెట్టి చూడండి, లోపలి వేడిని లాగి బయట పారేస్తోంది. మా మేనకోడలి ఇంటికి వేడిచ్చే లాంటి హీట్ పంప్ అనే యంత్రం కూడా అదే పని చేస్తుంది, వంద మీటర్ల బోరులో గొట్టం దించి ఆ 10 డిగ్రీలని ఇంట్లో గచ్చు కింద పరిచిన పైపులకి 35గా ఎక్కిస్తుంది, ఒక యూనిట్ కరెంటుకి నాలుగు యూనిట్ల వేడి. పాత ఇళ్ళలో గోడ పక్కన వేడినీళ్ళు తిరిగే పలకకి, అంటే రేడియేటర్‌కి, 60 డిగ్రీలు కావాలంటే ఈ లాభం బాగా తగ్గిపోతుంది, బోరు ఖర్చేమో ముందే పెట్టాలి.

ఐస్‌లాండ్ సంగతి వేరు, అక్కడ నిజంగానే లోపలి వేడి, పదిళ్ళలో తొమ్మిదింటికి అదే. మనకి దగ్గర్లో ఒడిశా బరంపురం అవతల తప్తపాణిలో ఊరే వేడినీళ్ళూ లోతు నుంచి వచ్చేవే. కానీ లోతు వేడికి తొందరపడితే ప్రమాదం, 2006లో స్విట్జర్లాండ్ బాసెల్‌లో వేడి రాయిలోకి ప్రెషర్‌తో నీళ్ళు పంపితే 3.4 తీవ్రతతో భూకంపం వచ్చి పనే ఆపేశారు. మామూలు బోర్లకీ జాగ్రత్త కావాలి, 2007లో జర్మనీ స్టౌఫెన్‌లో బోర్లేస్తే కింద అన్‌హైడ్రైట్ అనే ఖనిజం పొరకి నీళ్ళు తగిలి జిప్సమ్‌గా మారి ఉబ్బింది, ఊరు ఊరే పైకి లేచి రెండొందలకి పైగా ఇళ్ళు బీటలిచ్చాయి.

మనకి కావలసింది చల్లదనం కదా, హీట్ పంపుని వెనక్కి నడిపించి మేలో ఇంటి వేడిని ఆ 27 డిగ్రీల మట్టిలోకి తోసేయొచ్చు. చిక్కెక్కడంటే జర్మనీలో చలికాలం లాగిన వేడి ఎండాకాలం మళ్ళీ నిండుతుంది, మన దగ్గర తోసిందాన్ని వెనక్కి లాగే చలికాలం లేదు, ఏళ్ళు గడిచేకొద్దీ బోరు చుట్టూ మట్టి వేడెక్కిపోతుంది. బోర్లు దూరదూరంగా వెయ్యాలి, లేదా నాగావళి, వంశధార ఒడ్డున ఇసకలో కదిలే ఊటనీరు ఆ వేడిని మోసుకుపోవాలి. అందుకే నాకు ఏటి పక్క ఊళ్ళ మీదే ఆశ. ఈ మేలో మిట్టమధ్యాహ్నం మా నూతిలోకి చేంతాడుకి థర్మామీటర్ కట్టి దించుతాను, జనవరిలో తెల్లవారుజామున ఇంకోసారి, రెండు అంకెలూ మేనకోడలికి పంపిస్తానని చెప్పాను.