లాక్ నట్ ఎంత బిగిస్తే బేరింగ్‌కి అంత భద్రమా?

ఎండాకాలం చివర్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు మెషీన్లు విప్పి బేరింగులు మార్చుకుంటాయి. తోతాపురి దిగీ దిగకముందే ఫోన్లు మొదలు: "కొత్త బేరింగే సార్, వేడికి చెయ్యి పెట్టలేకున్నాం, డూప్లికేట్ మాల్ ఇచ్చినారు." డూప్లికేట్లు లేవని కాదు. కానీ విప్పి చూస్తే ఎక్కువసార్లు తప్పు నట్ బిగింపులోనే ఉంటుంది.

అపోహ: నట్ ఎంత బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: షాఫ్ట్ మెట్టుకి ఆనించి బిగించే మామూలు బోరుకి (బేరింగ్ లోపలి రంధ్రానికి) ఈ మాట చాలావరకు చెల్లుతుంది. బేరింగ్ నంబరు చివర 'కె' ఉన్న టేపర్ బోరుకి, అంటే వాలుగా ఉండే రంధ్రానికి, చెల్లదు. అక్కడ షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య స్లీవ్ అనే వాలు గొట్టం ఉంటుంది. నట్ తిప్పేకొద్దీ ఇన్నర్ రింగ్ ఆ వాలు మీదికెక్కి సాగుతుంది, లోపలి ప్లే, అంటే రోలర్లకీ రింగుకీ మధ్య ఖాళీ, తగ్గిపోతుంది.

22210 కె, సి3 (మామూలు కన్నా ప్లే ఎక్కువున్న రకం) చూడండి. 45 మి.మీ. షాఫ్ట్, హెచ్ 310 స్లీవ్, కెఎం 10 నట్. బిగించకముందు ప్లే 0.06 నుంచి 0.08 మి.మీ. అందులో తగ్గాల్సింది 0.025 నుంచి 0.03 మాత్రమే. వాలు 12కి 1 కాబట్టి బేరింగ్ సుమారు 0.4 మి.మీ. జరిగితే చాలు. నట్ మర పిచ్ 1.5, అంటే బిగువు తగిలాక పావు చుట్టు, ఆపైన కాస్త. ఉలి పెట్టి సుత్తితో ఇంకో పావు కొడితే ప్లే దాదాపు అయిపోయినట్టే. లోడ్ మీద ఇన్నర్ రింగ్ వేడెక్కి ఇంకా సాగుతుంది, రోలర్లు పట్టేస్తాయి. అప్పుడు గ్రీజు ఎక్కిస్తే వేడి పెరుగుతుందే గాని తగ్గదు.

వదులైతే స్లీవ్ జారి షాఫ్ట్‌ని తినేస్తుందన్న భయం నిజమైనదే. దానికి మందు బలం కాదు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు). బేరింగ్‌ని బల్ల మీద నిలబెట్టి, ఇన్నర్ రింగ్‌ని నాలుగు చుట్లు తిప్పి, పైనున్న రోలర్ దగ్గర కొలవండి. షాఫ్ట్ మీద, హౌసింగ్‌లో పెట్టకముందు, కింది రోలర్ దగ్గర కొలవాలి. లాక్ వాషర్ లేకుండా, చాంఫర్ (అంచు ఏటవాలుగా చెక్కిన) వైపు బేరింగ్‌కి ఉండేలా నట్ వేసి హుక్ స్పానర్‌తో కొంచెం కొంచెం బిగిస్తూ ప్రతిసారీ చూడండి. సరిపోయాక నట్ తీసి, వాషర్ వేసి, బేరింగ్ ఇంక జరగకుండా మళ్లీ బిగించి, వాషర్ అంచునున్న టాబ్‌ని (నాలుకని) నట్ గాడిలోకి వంచండి.

టాబ్ గాడికి రాకపోతే నట్ వెనక్కి తిప్పుతారు, అదొద్దు. వాషర్‌కి టాబ్‌లు బేసి సంఖ్యలో, నట్‌కి గాడులు నాలుగు; కాస్త ముందుకి పోతే ఏదో ఒకటి కలుస్తుంది. ఒకసారి వంచిన టాబ్‌ని తిరిగి వంచితే విరుగుతుంది, కొత్త వాషర్ వేయండి. మోటారు తిరిగే దిక్కుని బట్టి ఎడమ మర నట్ కావాలన్నది ఉత్త పుకారు, టాబ్ రెండు దిక్కులా ఆపుతుంది.

షాఫ్ట్ 45 కదా అని కెఎం 9 కొనకండి. నట్ ఎక్కేది స్లీవ్ మర మీద. కెఎం 4 నుంచి నంబరుని 5తో గుణిస్తే మర సైజు వస్తుంది, 10 అంటే 50.