శుక్రుడి మీద లావా, మన ఊడ్పుల చేను

అమలాపురం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో గ్రహాల గురించి మాట్లాడుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి అడిగింది. “శుక్రుడి మీదికి మనిషి వెళ్లలేదు, మబ్బుల వల్ల నేల కనిపించదు అన్నారు. మరి అక్కడ అగ్నిపర్వతం రగిలిందని ఎలా తెలిసింది మాస్టారూ?” కిటికీలోంచి చూస్తే అప్పుడే దమ్ము చేసిన చేలు, నీళ్లు నిండి మెరుస్తున్నాయి. జవాబు అక్కడి నుంచే మొదలుపెట్టాను.

శిలాద్రవం ఎలా పుడుతుంది, బిలం ఎలా ఏర్పడుతుంది అన్నవి పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి కనుక వదిలేస్తున్నాను. అంగారకుడి మీది అగ్నిపర్వతం ఒలింపస్ మోన్స్ 22 కిలోమీటర్ల ఎత్తని అందరూ చెబుతారు. అక్కడ ఆకాశం చాలావరకు తేటగా ఉంటుంది, కెమెరా చాలు. శుక్రుడి గంధకామ్ల మబ్బులు ఏనాడూ విడవవు. వాటిని దాటి నేల దాకా వెళ్లి రాగలిగేది రాడార్ తరంగం.

రాడార్ తన తరంగాన్ని తానే పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. నేరుగా కిందికి పంపదు, పక్కకు వాలుగా పంపుతుంది. కీలకమంతా ఆ వాలులో ఉంది. నీరు నిలిపిన మడి దానికి అద్దం లాంటిది. వాలుగా వచ్చిన తరంగం అవతలి వైపుకు జారిపోతుంది, ఉపగ్రహానికి దాదాపు ఏమీ అందదు. బొమ్మలో ఆ మడి నల్లగా పడుతుంది. ఊడ్పులై, పిలకలు వేసి, చేను ఎదిగేకొద్దీ తరంగం నీటిని తాకి, అక్కడి నుంచి వరి కాడను తాకి, వచ్చిన దారినే మళ్లుతుంది. మడి తెల్లబడుతుంది. సార్వా కాలమంతా మబ్బు కమ్మే ఈ డెల్టాలో ఎక్కడ ఊడ్పులు అయ్యాయో పైనుంచి పోల్చుకునేది ఈ నలుపు తెలుపుల వరుసతోనే. గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడూ అంతే. వరద నీరు నల్లగా పరుచుకుంటుంది, నీళ్లలో నిలిచిన ఇళ్లు మాత్రం మెరుస్తాయి. కాడ చేసిన పనినే అక్కడ గోడ చేస్తుంది.

ఎంత నున్నగా ఉంటే అద్దం అనాలి? భౌతిక శాస్త్రవేత్త రేలీ పేరిట ఒక కొలత ఉంది. తరంగదైర్ఘ్యాన్ని, తరంగం నిలువు నుంచి ఎంత వాలిందో ఆ కోణపు కొసైన్‌కు ఎనిమిది రెట్లతో భాగించాలి. ఎగుడుదిగుళ్లు ఆ హద్దుకు లోపల ఉంటే నేల నున్నన. తరంగం 45 డిగ్రీల వాలులో వస్తోందనుకుందాం. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-1 తరంగదైర్ఘ్యం సుమారు 5.6 సెంటీమీటర్లు, కాబట్టి హద్దు ఒక సెంటీమీటరు. శుక్రుడి చుట్టూ 1990 నుంచి 1994 దాకా తిరిగిన మాజెలాన్ నౌకది 12.6 సెంటీమీటర్లు, హద్దు 2.2. తరగతి గదిలో కొసైన్‌ను స్తంభాలకీ నీడలకీ కట్టేస్తున్నాం. ఈ ఒక్క లెక్క నల్లబల్ల మీద వేస్తే పిల్లలు గట్టు మీద నిలబడి శుక్రుడిని ఊహించగలరని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే లావా కూడా రెండు తీరుల్లో గడ్డకడుతుంది. హవాయి దీవుల వారు మొదటిదాన్ని పహోయిహోయి అంటారు. మీగడ ముడతలు పడ్డట్టు నున్నగా ఉంటుంది. రెండోది ఆఆ, కంకర పోగులా గరుకు. మొదటిది బొమ్మలో నీళ్ల మడిలా నల్లగా, రెండోది ఎదిగిన చేనులా తెల్లగా వస్తుంది. మోసపోయే అవకాశమూ ఉంది. మెత్తని ధూళి పరుచుకున్నా నలుపే.

కంకర అన్నాను కనుక ఒక మాట. మన రోడ్లకు పరిచే పంగిడి, దుద్దుకూరు క్వారీల నల్లరాయి కూడా లావాయే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు పెల్లుబికి, పాత నదీ లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తల నిర్ధారణ. గోదావరి నీటికి ముందు ఈ వైపు లావా పారిందన్నమాట! శుక్రుడి మీద బాల్టిస్ వాలిస్ అనే కాలువ ఉంది. దాని పొడవు దాదాపు 6,800 కిలోమీటర్లు. దాన్నీ లావాయే తొలిచి ఉంటుందని ఎక్కువమంది భావిస్తారు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు. మాజెలాన్ బొమ్మల్ని రాబర్ట్ హెరిక్ అనే శాస్త్రవేత్త దాదాపు 200 గంటలు కళ్లతో పోల్చి చూశారు. మాట్ మోన్స్ అనే పర్వతం మీద ఒక బిలం 1991 ఫిబ్రవరిలో గుండ్రంగా, 2.2 చదరపు కిలోమీటర్లు ఉంది. మన లెక్కలో సుమారు 540 ఎకరాలు. అక్టోబరుకు ఆకారం చెదిరి 4 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 990 ఎకరాలు అయింది. ఆ బొమ్మల్లో వంద మీటర్ల కంటే చిన్న వివరం కనిపించదు. రెండున్నర ఎకరాల చెక్క ఒక చుక్క! పైగా ఫిబ్రవరిలో రాడార్ ఒక పక్క నుంచి, అక్టోబరులో ఎదుటి పక్క నుంచి చూసింది. ఏటిగట్టును తూర్పు నుంచి ఒకసారి, పడమర నుంచి ఒకసారి చూస్తే ఒకే గట్టనిపించదు. అందుకే హెరిక్‌తో కలిసి పనిచేసిన స్కాట్ హెన్స్‌లీ కంప్యూటర్‌లో బిలానికి రకరకాల ఆకారాలు ఇచ్చి, ఏది ఎలా కనిపిస్తుందో సరిచూశారు. బిలం నిజంగానే మారిందని, అంటే అక్కడ అగ్నిపర్వతం రగిలిందని 2023లో ఫలితం వెలువడింది. మరుసటి ఏడాది ఇటలీ శాస్త్రవేత్తలు సిఫ్ మోన్స్ అనే మరో అగ్నిపర్వతం వాలు మీద, నియోబి మైదానంలో 1990, 1992 బొమ్మల మధ్య కొత్తగా తెల్లబడ్డ పాయలు కనుక్కున్నారు. నల్లమడి తెల్లబడటం లాంటిదే, ఇక్కడ వరికి బదులు లావా.

శుక్ర మౌఢ్యమి వస్తే మన ఊళ్లలో పెళ్లిళ్లు ఆగుతాయి. శుక్రుడు సూర్యకాంతిలో మునిగే ఆ రోజులు రెండు రకాలని పిల్లలకు చెప్పాలి. సూర్యుడికి అవతల ఉన్నప్పుడు వారాల తరబడి సాగుతాయి. ఇవతల ఉన్నప్పుడు కొద్ది రోజులే, అప్పుడు శుక్రుడు సుమారు 4 కోట్ల కిలోమీటర్ల దాకా దగ్గరికి వస్తాడు. భూమి నుంచి రాడార్ సంకేతం పంపడానికి అంతకంటే మంచి ఘడియ లేదు. శుక్రుడు తన చుట్టూ తాను వెనకకు, 243 రోజులకొకసారి తిరుగుతాడని 1960లలో తేల్చింది భూమి నుంచి పంపిన ఇలాంటి సంకేతాలే.

“ఇప్పుడూ రగులుతోందా?” అని కూడా ఆ అమ్మాయి అడిగింది. మాజెలాన్‌ను 1994 అక్టోబరులో శుక్రుడి వాయుమండలంలోకి దించేశారు. ఆ తర్వాత ఇంకే రాడార్ ఆ గ్రహాన్ని చుట్టి బొమ్మలు తీయలేదు. నాసా వెరిటాస్, ఐరోపా ఎన్‌విజన్ నౌకలు సిద్ధం కావలసి ఉంది. అవి వెళ్లాక ముందుగా ఆ 990 ఎకరాల బిలం వైపే చూడాలని నా ఆశ.