పిలవని లైబ్రరీ లోపలికి ఎలా వచ్చింది?

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన డెబియన్ లినక్స్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యమవుతోందని గమనించారు. ఎందుకా అని తవ్వితే, ఫైళ్ల సైజు తగ్గించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో (లైబ్రరీ అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడ్) ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. విచిత్రమేమిటంటే, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు ఆ లైబ్రరీతో పనే లేదు.

అలాంటి కోడ్‌ను మన ప్రోగ్రామ్‌తో కలపడమే లింకింగ్. స్టాటిక్ పద్ధతిలో, ప్రోగ్రామ్ తయారయ్యేటప్పుడే లైబ్రరీలోని అవసరమైన భాగాలు ఆ ఫైల్లోకి కాపీ అవుతాయి. ఫైల్ లావెక్కినా, వేరే మెషీన్‌లో ఆ లైబ్రరీ లేకపోయినా నడుస్తుంది. చిక్కల్లా రిపేర్ల దగ్గరే. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, దాన్ని ఇలా లోపల పెట్టుకున్న ప్రతి ప్రోగ్రామ్‌నూ మళ్లీ బిల్డ్ చేయాల్సిందే. డైనమిక్‌గా వాడుకున్నవాటికి లైబ్రరీ ఫైల్ మార్చి, రీస్టార్ట్ చేస్తే సరిపోయింది.

డైనమిక్ పద్ధతిలో ప్రోగ్రామ్ ఫైల్లో లైబ్రరీ పేరు మాత్రమే ఉంటుంది. ప్రోగ్రామ్ మొదలవగానే సిస్టమ్‌లోని లోడర్ అనే భాగం ఆ పేర్లు చూసి, ఫైళ్లను మెమరీలోకి తెచ్చి, ఫంక్షన్ల చిరునామాలు కలుపుతుంది. లైబ్రరీ కోడ్ ఒకే కాపీగా మెమరీలో ఉండి పది ప్రోగ్రాములకు పనికొస్తుంది. అయితే ప్రతి లైబ్రరీకీ తనకు కావాల్సిన ఇతర లైబ్రరీల జాబితా ఉంటుంది. భోజనానికి పిలిచిన చుట్టం వెంట ఇంకో నలుగురు దిగినట్టు, అవన్నీ వచ్చేస్తాయి. ఎక్స్‌జెడ్ కథ సరిగ్గా ఇదే. 'నేను రెడీ' అని సిస్టమ్‌డీకి (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి చూసుకునే ప్రోగ్రామ్) ఒక చిన్న కబురు పంపడం కోసం డెబియన్, మరో లినక్స్ రకమైన ఫెడోరా వాళ్లు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను సిస్టమ్‌డీ లైబ్రరీ అయిన లిబ్‌సిస్టమ్‌డీతో లింక్ చేశారు. ఆ లిబ్‌సిస్టమ్‌డీకి ఎక్స్‌జెడ్ లైబ్రరీ కావాలి. ఇంకేముంది, సర్వర్ సొంత కోడ్ ఒక్క లైనూ నడవకముందే, లోడర్ చిరునామాలు కలిపే దశలోనే, దొంగకోడ్ పని మొదలుపెట్టింది.

మూడో దారి రన్‌టైమ్ లోడింగ్. ప్రోగ్రామే నడుస్తూ నడుస్తూ, అవసరం పడ్డప్పుడు డీఎల్‌ఓపెన్‌ అనే ఫంక్షన్‌తో లైబ్రరీని తెచ్చుకుంటుంది. విండోస్‌లో లోడ్‌లైబ్రరీ ఉంటుంది. ప్లగిన్‌లు (ప్రోగ్రామ్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే ముక్కలు) సాధారణంగా ఇలాగే వస్తాయి. డైనమిక్‌లో ఫైల్ దొరక్కపోతే ప్రోగ్రామ్ అసలు లేవదు (విండోస్‌లో 'డీఎల్‌ఎల్ దొరకలేదు' అనే డబ్బా చూడనివాళ్లు తక్కువే). ఇక్కడ ఆ ఒక్క సౌకర్యం లేకుండా మిగతాది నడిపించుకోవచ్చు. కాకపోతే ఏమేం వాడుతోందో మామూలు జాబితాలో కనపడదు, తప్పులు ఆలస్యంగా బయటపడతాయి. నాకైతే ఎప్పుడో ఒకసారి వాడే లైబ్రరీకి ఇదే నయమనిపిస్తుంది. సిస్టమ్‌డీ డెవలపర్లూ ఎక్స్‌జెడ్‌ను ఇలా మార్చే పనిని ఈ గొడవ బయటపడేనాటికే మొదలుపెట్టారు.

ఆ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లు ఇంకా సూటిగా పోయారు. 2024 జూలైలో వచ్చిన 9.8 వెర్షన్‌లో, ఆ 'రెడీ' కబురు పంపే నాలుగు ముక్కల కోడ్‌ను లిబ్‌సిస్టమ్‌డీ లేకుండా తామే రాసుకున్నారు.