వాన పడగానే ఎరువు వేస్తే చెట్టు తేరుకుంటుందా?

"ఎండలకు మామిడి చెట్లు వాడిపోయినాయి సార్. వాన పడంగానే యూరియా దండిగా వేస్తే తొందరగా తేరుకుంటాయా?" అని పాకాల దగ్గర తోతాపురి తోట ఉన్న రైతు ఒకాయన అడిగారు. వినగానే నాకు పైన్ చెట్లు గుర్తొచ్చాయి.

స్విట్జర్లాండ్‌లో రోన్ నది లోయలో ఫిన్‌వాల్డ్ అనే పైన్ అడవి ఉంది. ఆల్ప్స్ కొండల నడుమ ఉన్నా అక్కడ పడేది ఏడాదికి 600 మి.మీ. వానే. ఆ అడవిలో 2003 నుంచి కొంత భాగానికి వేసవిలో నీళ్లు పెడుతూ, పక్క భాగాన్ని వానకే వదిలేసి, రెండింటినీ పోల్చి చూశారు. అదే జాతి పైన్ మొక్కలకు నీళ్లు, ఎరువులు వేర్వేరు మోతాదుల్లో ఇచ్చి కూడా పరీక్షించారు. కరువు ఓ మోస్తరుగా ఉంటే పోషకాలు మొక్కను ఆదుకున్నాయి. కరువు మరీ ముదిరితే ఆదుకోలేకపోయాయి.

ఎందుకలా? ఇక్కడే అసలు విశేషం ఉంది. మన జిల్లాలో గొలుసుకట్టు చెరువులు ఎరుగని ఊరుండదు. పై చెరువు నిండి మరవ (మిగులు నీళ్లు పొంగిపోయే దారి) పారితే నీళ్లు కింది చెరువుకు చేరతాయి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోని నీళ్లూ అంతే. తడి ఉన్నంతకాలం ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి దారి ఉంటుంది. మట్టి ఎండేకొద్దీ మరవలు ఆగిపోయి, ఎక్కడి నీళ్లక్కడ మడుగులుగా మిగులుతాయి. ఆ మడుగుల్లో పోషకాలు ఉంటాయి, కానీ వేరు దాకా వచ్చే దారి ఉండదు. యూరియాలోని నత్రజని నేలలో నైట్రేట్‌గా మారుతుంది. దానికి దారి ఉంటే చాలు, వేరు పీల్చే నీళ్లతో పాటే వచ్చేస్తుంది. భాస్వరం అలా రాదు. మంచి తడిలోనే అది రోజుకు ఒక మిల్లీమీటరు కూడా కదలదు. పైగా మన ఎర్రనేలల్లోని ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి. కాబట్టి కరువులో చెట్టుకు నీటి కొరతతో పాటు పోషకాల కొరత కూడా వస్తుంది, నేలలో అవి నిండుగా ఉన్నా సరే. ఇక ఎండిన నేలలో యూరియా గుమ్మరిస్తే మిగిలిన మడుగులు ఇంకా గాఢమై, వేరుకు నీళ్లు లాక్కోవడం మరింత కష్టమవుతుంది. దారి తెగిన చోట వేరుకు తోడు నిలిచేవి శిలీంధ్రాల సన్నటి పోగులు. వేరు దూరలేని ఖాళీల్లోకి కూడా అవి వెళ్లగలవు. పైన్‌కూ మామిడికీ ఈ తోడు ఉంది, శిలీంధ్రాల రకాలే వేరు.

ఎరువును 'చెట్టుకు ఆహారం' అని బడిలో చెప్పడం మానేయాలని నా గట్టి అభిప్రాయం. చెట్టు ఆహారం ఆకులో తయారయ్యే చక్కెర. కరువులో ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, గాలి లోపలికి రాదు, చక్కెర తయారీ తగ్గుతుంది. నత్రజని ఆ తయారీకి కావలసిన ఎంజైములకు ముడిసరుకు మాత్రమే. కరువుకు ముందే అది ఎక్కువైతే ఆకు గుబురుగా పెరిగి, వేరు వెనకబడుతుంది. అలాంటి చెట్టుకు దాహం ఎక్కువ.

తేరుకోవడానికి పైన్‌కు ఏళ్లు పడుతుంది. కలపలో నీళ్లు పైకి మోసే సన్నటి గొట్టాల్లోకి కరువులో గాలి చొరబడితే అవి చాలావరకు మళ్లీ పనికిరావు, కొత్త కలప వేసుకోవాల్సిందే. వచ్చే ఏడు ఎన్ని సూది ఆకులు రావాలో ఈ ఏడు మొగ్గలోనే తేలిపోతుంది. అందుకే కరువు దెబ్బ మరుసటి ఏడాది, మంచి వానల్లో కూడా కనిపిస్తుంది. వానలు బాగా పడ్డాక చెట్టు డీలా పడితే మన దగ్గర దిష్టి అంటారు. నిరుటి కరువును లెక్కలోకి తీసుకుంటే ఆ మాటే రాదు.

రైతుకు నేను చెప్పింది ఇది. తొలి వానకే యూరియా వద్దు. ఎండిన నేల తడవగానే అందులోని సూక్ష్మజీవులు కొంత నత్రజనిని వాటంతటవే విడుదల చేస్తాయి. బర్చ్ అనే శాస్త్రజ్ఞుడు 1950ల్లోనే తూర్పు ఆఫ్రికా నేలల్లో దీన్ని గమనించారు. పాదుల్లో పశువుల ఎరువు వేసి, పైన ఎండాకు కప్పండి. నాలుగు వేళ్ల లోతున మట్టి తీసి చూసి, తెల్లటి కొత్త పీచువేర్లు కనిపించాక యూరియాను కొంచెం కొంచెంగా, విడతలుగా వేయండి. కొమ్మను గోటితో గీకితే లోపల పచ్చదనం లేకపోతే ఆ కొమ్మ కోసేయండి.