ఇసుకలో మగ్గే గుడ్లు

ఎండాకాలం సెలవులకు గ్రీసులోని జకింథోస్ దీవికి వెళ్ళొచ్చిన ఒక పాఠకురాలు ఒక ప్రశ్న పంపారు. గెరాకాస్ అనే బీచ్‌లో ఇసుక మధ్య గొడుగు పాతబోతుంటే, అక్కడ కాపలా ఉన్న అమ్మాయి పరుగున వచ్చి ఆపిందట. ఇక్కడ వద్దు, నీళ్ళ అంచుకు వెళ్ళి పాతుకోండి అందట. "కింద తాబేలు గుడ్లుంటాయి, కర్ర గుచ్చుకుంటుంది అంది. అది తెలిసింది. కానీ నీడ పడినా గుడ్లకు మంచిది కాదు అని కూడా అంది. నీడ వల్ల గుడ్డుకు వచ్చే నష్టం ఏమిటండీ?"

ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని నేను ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాను. కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది.

ముందు దీవి గురించి నాలుగు ముక్కలు. జకింథోస్ గ్రీసుకు పడమటి వైపు, అయోనియన్ సముద్రంలో ఉంది. పర్యాటకుల ఫోటోల్లో కనిపించేది నవాజియో తీరం. నిట్టనిలువు తెల్లటి సున్నపురాయి కొండల మధ్య, 1980లో ఒడ్డెక్కిన పనాయోతిస్ అనే సరుకు ఓడ తుప్పుపట్టి పడి ఉంటుంది. దక్షిణాన కేరీ దగ్గర భూమిలోంచి తారు ఊరుతుంది. ఆ తారును కర్ర చివర మిర్టిల్ కొమ్మ కట్టి పైకి తీయడం నేను స్వయంగా చూశాను అని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ దాదాపు 2,400 ఏళ్ళ కిందట రాశాడు. 1953 ఆగస్టు భూకంపంలో ఊరు దాదాపు మొత్తం నేలమట్టమైనా, రేవు పక్కనున్న సెయింట్ డయోనీసియస్ చర్చి నిలబడింది. నవాజియోకు దగ్గర్లోని అనఫోనిత్రియా మఠంలో ఆ డయోనీసియస్ ముసలితనంలో ఉండేవాడట. ఆయన సొంత అన్నదమ్ముణ్ణే చంపి పారిపోయి వచ్చిన వాడికి ఆశ్రయమిచ్చి, క్షమించి పంపాడని కథ. ఆయన భౌతికకాయం ఇప్పటికీ చర్చిలో ఉంది. రాత్రిళ్ళు లేచి దీవంతా తిరిగి జనాన్ని ఆదుకుంటాడనీ, అందుకే కాళ్ళకు తొడిగిన చెప్పులు అరిగిపోతాయనీ అక్కడివాళ్ళ నమ్మకం. అలిపిరి పాదాల మండపంలో స్వామి చెప్పుల కథ విన్నవాళ్ళకు ఇదేమీ కొత్తగా అనిపించదు. అరిగిన చెప్పులు చూపించి నమ్మించడం రెండు చోట్లా ఒకటే.

రాత్రిళ్ళు ఆ దీవిలో నిజంగానే నడిచే ప్రాణులు మరికొన్ని ఉన్నాయి. లాగర్‌హెడ్ అనే సముద్రపు తాబేళ్ళు. దక్షిణాన లగనాస్ అఖాతం చుట్టూ ఆరు తీరాలున్నాయి. అన్నీ కలిపినా ఆరు కిలోమీటర్లు లేవు. అక్కడ ఏటా వెయ్యికి పైగా గూళ్ళు పెడతాయి. వాటిలో సగానికి పైగా సెకానియా అనే ఒక్క చిన్న తీరంలోనే. ఆ తీరం వెనక భూమిని 1994లో ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యుడబ్ల్యుఎఫ్ గ్రీస్ శాఖ కొనేసింది, పర్యాటకులకు అక్కడ ప్రవేశం లేదు. 1999లో అఖాతమంతా జాతీయ సముద్ర ఉద్యానవనం అయింది. గుడ్లు పెట్టే తీరాల్లో రాత్రిపూట మనుషులు ఉండకూడదు. పగలు తాబేళ్ళు సముద్రంలో, మనుషులు ఇసుకలో. రాత్రి తాబేళ్ళు ఇసుకలో.

తల్లి తాబేలు వెనక కాళ్ళతో అర మీటరు లోతు గుంట తవ్వి, పింగ్‌పాంగ్ బంతుల్లాంటి 110, 120 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. గుడ్లు పెట్టేటప్పుడు కళ్ళలోంచి నీళ్ళు కారతాయి. అది చూసి మనసు కరగనివాళ్ళుండరు. కానీ అవి ఒంట్లో పేరుకున్న ఉప్పును బయటికి పంపే గ్రంథి విడిచే నీళ్ళు. సముద్రంలో ఉన్నప్పుడూ కారుతూనే ఉంటాయి, అక్కడ మనకు కనిపించవు.

మన పెద్దలు గురుదీక్షల గురించి చెప్పేటప్పుడు ఒక ఉపమానం వాడతారు. పక్షి స్పర్శతో పొదుగుతుంది, చేప చూపుతో పొదుగుతుంది, తాబేలు స్మరణతో పొదుగుతుంది అని. ఎక్కడో దూరాన సముద్రంలో ఉండి తలుచుకుంటే చాలు, ఒడ్డున గుడ్డులో పిల్ల తయారవుతుందట. అందమైన మాట. గుడ్లు పెట్టాక తల్లి మళ్ళీ అటువైపు రాదని గమనించినవాడెవడో ఈ మాట అన్నాడు కదా, ఆ గమనింపుకు దణ్ణం పెట్టాలి. తాబేలు ఉంగరం పెట్టుకుంటే డబ్బొస్తుందని అమ్మేవాళ్ళకు ఆ పాటి గమనింపు కూడా లేదు.

స్మరణ కాకపోతే పొదిగేది ఎవరు? ఇసుక.

ఎండాకాలం మన ఇళ్ళలో కాయలు మగ్గబెట్టడం గుర్తుచేసుకోండి. గదిలో ఒక మూల వరిగడ్డి పరిచి, మామిడికాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి, గోనెపట్టా కప్పేవాళ్ళు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయరు. కాయకు కావలసింది కాయలోనే ఉంది, పైనుంచి ఇచ్చేది వెచ్చదనం మాత్రమే. మూడో రోజు చెయ్యి దూరిస్తే కుప్ప నడుమ వేడిగా తగులుతుంది, ఎందుకంటే కాయలు ఊపిరి తీస్తాయి, ఆ ఊపిరి వేడి గడ్డి దాటి బయటికి పోలేదు. అంచున ఉన్నవి గట్టిగానే ఉంటాయి, నడిమివి ముందు పండుతాయి.

తాబేలు గూడు అచ్చం అదే. చివరి రోజుల్లో 120 పిండాలు ఒక్కచోట ఊపిరి తీస్తుంటే గూడు నడుమ చుట్టూ ఉన్న ఇసుక కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. వెచ్చగా ఉన్న గూడు 50 రోజుల లోపే పండుతుంది, చల్లటి ఇసుకలోది రెండు నెలల దాకా తీసుకుంటుంది. మామిడికి, గుడ్డుకు ఒక్కచోటే తేడా. కాయ ఎంత వేడిలో మగ్గినా బంగినపల్లి రసాలుగా మారదు. గుడ్డు మాత్రం మారుతుంది.

వేడి ఎంత అన్నదాన్ని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది.

బడిలో మనం ఎక్స్ ఎక్స్ ఆడ, ఎక్స్ వై మగ అని బట్టీ పట్టాం, అది సృష్టి నియమం అన్నట్టు. కోడిలోనే తిరగబడుతుంది ఆ లెక్క, అక్కడ రెండు రకాల క్రోమోజోములు ఉండేది పెట్టకు. సముద్రపు తాబేళ్ళలో అసలు లింగ క్రోమోజోములే లేవు. 1966లో మదలీన్ షార్నియే అనే శాస్త్రవేత్త ఆఫ్రికా తొండల గుడ్లలో ఈ సంగతి మొదట గమనించింది. లాగర్‌హెడ్‌లలో ఆడ మగలను వేరుచేసే గీత సుమారు 29 డిగ్రీల దగ్గరుంది. ఆ వేడిలో సగం సగం. రెండు డిగ్రీలు తగ్గితే దాదాపు అన్నీ మగవి, రెండు పెరిగితే దాదాపు అన్నీ ఆడవి. 33, 34 దాటి అలాగే ఉంటే పిండాలు చచ్చిపోతాయి. తేల్చే సమయం మొత్తం పొదుగుడు కాలంలో నడిమి మూడో వంతు. కుప్ప సొంత వేడి గట్టిగా ఎక్కేది చివరి మూడో వంతులో. అంటే చాలావరకు తీర్పు అయిపోయాకే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒకరినొకరు వెచ్చబెట్టుకుంటారు.

లోపల జరిగేది కొంత తెలుసు. ఎర్రచెవి తాబేలు మీద జరిగిన పరిశోధనల్లో, 26 డిగ్రీల చల్లటి గుడ్డులో కెడిఎం6బి అనే ఎంజైమ్ చురుగ్గా ఉంటుంది. అది డిఎంఆర్‌టి1 అనే జన్యువు మీద వేసి ఉన్న రసాయన తాళాన్ని, అంటే హిస్టోన్ ప్రోటీన్ మీది మిథైల్ గుర్తులను, చెరిపేస్తుంది. ఆ జన్యువు తెరుచుకుంటే బీజకోశం వృషణంగా మారుతుంది. 32 డిగ్రీల గుడ్డులో కణాల్లోకి కాల్షియం ఎక్కువగా చేరి, స్టాట్3 అనే ప్రోటీన్ చురుకై, ఆ ఎంజైమ్‌ను అణిచేస్తుంది. తాళం అలాగే ఉండిపోతుంది. మరోపక్క అరోమటేజ్ అనే ఎంజైమ్ మగ హార్మోన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. బీజకోశం అండాశయం అవుతుంది. ఇక్కడ తికమకపడ్డవాళ్ళు ఒక్క తాళం మాట గుర్తుంచుకుని ముందుకు రావచ్చు.

నన్ను ఎక్కువగా పట్టేసింది తాళం కాదు, గడ్డి. అంటే ఇసుక. మధ్యాహ్నం ఇసుక పైభాగం కాలు పెట్టలేనంత కాలుతుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది. తేడా 30 డిగ్రీలు అనుకోండి. ఇసుకలో ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకు ఈ ఊగిసలాట దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. పది దగ్గర 10 డిగ్రీలు, ఇరవై దగ్గర మూడు, ముప్పై దగ్గర ఒకటి. అర మీటరు లోతున గుడ్ల దగ్గరికి వచ్చేసరికి డిగ్రీలో పదో వంతు మిగులుతుంది. పైగా వేడి ఆలస్యంగా దిగుతుంది, పది సెంటీమీటర్లకు సుమారు నాలుగు గంటలు. ఈ మధ్యాహ్నపు ఎండ గుడ్డును తాకేది రేపు పొద్దున్నే. అప్పటికి దానికి ఓపిక ఉండదు. అంటే పగలు, రాత్రి అనేవి గుడ్డుకు తెలియవు.

కానీ ఋతువు తెలుస్తుంది. ఈ వేడి ఊగిసలాటను ఒక అల అనుకుంటే, అల ఎంత నెమ్మదిగా ఊగితే అంత లోతుకు దిగుతుంది. లోతు ఒక్కో ఊగుకు పట్టే కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ఏడాదికి ఒకసారి ఊగే అలకు 365కు వర్గమూలం, అంటే 19 రెట్ల లోతు. పది సెంటీమీటర్ల స్థానంలో దాదాపు రెండు మీటర్లు. ఊళ్ళో బావి నీళ్ళు రోజంతా ఒకేలా ఎందుకుంటాయో కూడా ఇందులోనే ఉంది. అర మీటరు లోతున ఉన్న గుడ్డు నిన్నటి ఎండను పట్టించుకోదు, జూన్‌కూ ఆగస్టుకూ తేడాను మాత్రం చక్కగా పసిగడుతుంది. జూన్ మొదట్లో పెట్టిన గూటికి, జూలైలో పెట్టిన గూటికి ఆడ మగల లెక్క వేరుగా ఉండేది అందుకే.

తల్లి చేతిలో ఉన్నవి రెండే, చోటు, తేదీ. తేదీ విషయంలో ఆమె చేతులు ముడుచుకుని కూర్చోదు. జకింథోస్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఆడ తాబేళ్ళు అఖాతంలో వెచ్చని నీళ్ళ పట్టీలు వెతుక్కుని అక్కడే ఉంటాయని కనిపెట్టారు. ఒంట్లో గుడ్లు త్వరగా సిద్ధం కావడానికి. అంటే గుడ్డు మగ్గడం తల్లి కడుపులోనే మొదలవుతోంది.

ఇక చోటు. లగనాస్ అఖాతంలో మారథోనిసి అనే చిన్న దీవి ఉంది, దూరం నుంచి చూస్తే తాబేలు నీళ్ళలో తేలుతున్నట్టే ఉంటుంది, పర్యాటకుల పడవలన్నీ అటే పోతాయి. దాని మీది ఇసుక లేతరంగుది. తెల్లచొక్కా ఎండను వెనక్కి కొట్టినట్టే ఆ ఇసుక కూడా. అఖాతానికి అవతలి ఒడ్డున ముదురు ఇసుక. కొద్ది కిలోమీటర్ల దూరంలో, అదే ఎండ కింద, అవతలి ఒడ్డు ఆడపిల్లలతో నిండుతుంటే, మారథోనిసి ఎక్కువ మగపిల్లలను సముద్రంలోకి పంపుతుంది. అదెలా తెలిసింది? పిల్లను తిప్పి చూసినా తెలియదు, మగ తాబేలు తోక పొడుగయ్యేది యుక్తవయసులోనే, అందుకు రెండు మూడు దశాబ్దాలు పడుతుంది. క్రోమోజోముల పరీక్ష చేద్దామంటే తేడా లేదు. కానీ గుడ్లు పెట్టిన రాత్రి, పిల్లలు బయటికొచ్చిన రాత్రి రాసి పెట్టుకుంటే చాలు. ఎక్కువ రోజులు పట్టిందంటే గూడు చల్లగా ఉంది, మగవి ఎక్కువ. పండడానికి పట్టిన రోజులను బట్టి గది వేడి చెప్పేసే ముసలమ్మ లెక్క ఇది.

భూమి వేడెక్కుతుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు తీరాల్లో పుట్టిన పచ్చ తాబేళ్ళలో, పిల్లతాబేళ్ళు 99 శాతం ఆడవేనని 2018లో బయటపడింది. దీన్ని చదివి వెంటనే గుండెలు బాదుకోనక్కర్లేదు. ఆడ తాబేలు రెండు మూడేళ్ళకోసారి తిరిగొస్తే, జకింథోస్ మగ తాబేళ్ళు చాలావరకు ఏటా వస్తాయి, ఒక్కోటి చాలామందితో జతకడుతుంది. ఎక్కువ గూళ్ళలో ఒకరికి మించి తండ్రులున్నారు. మగవి కొన్నే ఉన్నా నడుస్తుంది. అసలు లేకపోతే నడవదు. మారథోనిసి తెల్ల ఇసుక విలువ అక్కడ.

శ్రీకూర్మంలో విష్ణువును తాబేలు రూపంలో కొలిచే మనకు, అదే శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయని తెలిసినవాళ్ళు ఎంతమందో. వాటి లింగం తేల్చేదీ ఇసుక వేడే. అక్కడ గుడ్లను ఏరి, కంచె లోపల మళ్ళీ పాతిపెడతారు కాబట్టి, ఎంత లోతున, ఏ నీడన పాతుతున్నాం అన్నది మామూలు విషయం కాదు.

ఇప్పుడు గొడుగు సంగతి. అమ్మా, మీ గొడుగు ఒక్క మధ్యాహ్నం వేసిన నీడ గుడ్డు దాకా దాదాపు చేరదు, పైన చెప్పిన మూడో వంతుల లెక్కలో దారిలోనే కరిగిపోతుంది. కానీ అద్దెకిచ్చే గొడుగులు వరుసగా అదే చోట రెండు నెలలు నిలబడితే అది రోజువారీ అల కాదు, ఋతువంత నెమ్మదైన అల. అది కిందిదాకా దిగుతుంది, పొదుగుడు సాగుతుంది, ఆడ మగల లెక్క మారుతుంది. ఆ అమ్మాయి అన్నది తప్పు కాదు, మీ ఒక్కరి గొడుగుకు వర్తించదంతే. కర్ర మాత్రం ఏ వర్గమూలాలకూ ఆగదు. ఇసుకలో నిలబడాలంటే ముప్పై నలభై సెంటీమీటర్లు దించాలి. పైవరుస గుడ్లు ఉండేది సరిగ్గా అక్కడే.